పచ్చ చీటీ

ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. కుడివైపు పక్కటెముకల కింద, చల్లటి జిగురు పూసిన చోట, అరచేతిలో ఇమిడే ఆ స్కాన్ పరికరం ఇప్పటిదాకా హాయిగా జారుతూ వచ్చి ఒక్కచోట ఆగిపోయింది. ఆగి, కాస్త వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చింది. ఇంకొకరైతే పట్టించుకోరు. నేను పట్టించుకున్నాను, ఎందుకంటే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నా చెయ్యి చేస్తున్న పని అదే. బట్టల మిల్లులో చెకింగ్ సెక్షన్ నాది. కింద దీపాలు వెలిగే గాజుబల్ల మీదుగా బట్ట తాను పారుతూ ఉంటుంది, నేను ఎత్తు స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉంటాను, ఎక్కడైనా పోగు తెగినా ముడిపడినా కాలి కింద పెడల్ నొక్కి ఆపుతాను, రెండు జానలు వెనక్కి లాగుతాను, మళ్ళీ వదులుతాను. మొదటిసారి ఆపామంటే అనుమానం. రెండోసారి ఆపామంటే తప్పు ఉన్నట్టే. మూడోసారి ఆపేది అదెంత పెద్దదో కొలవడానికి. అమ్మాయి చెయ్యి మూడోసారి ఆగింది. ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టండి అంది. బిగబట్టాను. ఇంతకుముందు దాకా ప్రతి మాట చివరా ఆంటీ అని తగిలించి, ఈ వయసులో మీ జుట్టు ఇంత నల్లగా ఎలా ఉందంటూ ఆరా తీసిన పిల్ల, రంగేనమ్మా, నెలకోసారి వేస్తానని నేను ఒప్పుకుంటే పడీపడీ నవ్విన పిల్ల, ఇప్పుడు ఆంటీ అనడం మానేసింది. అండీ అంటోంది. నాకు అక్కడే తెలిసిపోయింది.

తెర నాకు సగమే కనబడుతోంది. మెడ తిప్పితే కదలకండి అంటుందని కళ్ళు మాత్రం తిప్పి చూస్తున్నాను. అదంతా బూడిదరంగు నేత. కాలేయం నున్నగా ఉండాలట, నాది ముతకగా ఉంటుందని మొదటి స్కాన్‌లోనే చెప్పారు. ముతక నేత చూడటం నాకేం కొత్త కాదు, అందులో తప్పు పట్టడమే కష్టం, మచ్చా నేతా కలిసిపోయి దొంగాట ఆడతాయి. అయినా కనబడింది. బూడిదరంగులో కాస్త నల్లగా, గుండ్రంగా, చొక్కా గుండీ అంత. అమ్మాయి దానికి ఈ పక్కన ఒక చిన్న ప్లస్ గుర్తు పెట్టింది, ఆ పక్కన ఇంకొకటి పెట్టింది, రెండిటి మధ్యా చుక్కల గీత వచ్చింది. మేమైతే తప్పుకి ఎదురుగా అంచుకి ఎర్రదారం ముడి వేస్తాం. పద్ధతి వేరు, పని ఒకటే. గుండె ఝల్లుమందని చెప్పాలి గాని నాకు ముందు కలిగింది భయం కాదు, సిగ్గు. స్కాన్‌కి వెళ్ళవలసిన దాన్ని వెళ్ళలేదు. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు, వరసగా రెండుసార్లు ఎగ్గొట్టాను, ఎగ్గొట్టి వెళ్ళానని చెప్పాను. ఎవరితో చెప్పానో ఆవిడ ఈ తలుపు అవతల నా చెప్పులకీ చేతిసంచీకీ కాపలా కూర్చుని ఉంది.

ఎందుకు ఎగ్గొట్టానంటే, నవ్వకూడదు మరి, నాకు నేనే పచ్చ చీటీ ఇచ్చుకున్నాను. మా సెక్షన్‌లో ఒక పద్ధతి ఉంది. ఒక మగ్గం నుంచి వరసగా మూడు తాన్లు ఒక్క తప్పూ లేకుండా వస్తే ఆ మగ్గానికి పచ్చ చీటీ కడతాం. ఆపైన దాని తాన్లన్నీ చూడక్కర్లేదు, ఐదింటికి ఒకటి బల్ల ఎక్కిస్తే చాలు. నాకు మూడు స్కాన్లు శుభ్రంగా వచ్చాయి. మూడోదాని రిపోర్టు చేతికిచ్చిన రోజు, ఆ చిన్న స్కానింగ్ సెంటర్ మెట్లు దిగుతూనే, సరే, ఇక దీనికి పచ్చ చీటీ అనుకున్నాను. అంత గట్టిగా అనుకున్నానా అంటే అనుకున్నాను. చేతి అలవాటు తలకి కూడా పట్టేస్తుంది కాబోలు. కానీ ఆ పద్ధతిలోనే ఇంకో ముక్క ఉంది, కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ నేనే నేర్పుతాను, నేర్పి అప్పజెప్పించుకుంటాను కూడా. ఒకసారి చెడి మరమ్మతు అయిన మగ్గానికి పచ్చ చీటీ లేదు. మూడు కాదు, ముప్ఫై తాన్లు బాగా వచ్చినా లేదు. దాని ప్రతి తానూ బల్ల ఎక్కాల్సిందే. కిందటేడు ఒక పిల్ల అలాంటి మగ్గానికి చీటీ కట్టిందని నలుగురిలో చెడామడా తిట్టాను, పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళు నాకు భూతద్దం అని పేరు పెట్టుకున్నారు, నా చెవిన పడదనుకుంటారు. ఆ భూతద్దం తన పొట్ట సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క మింగేసింది.

డాక్టర్ గారు ఫిల్ములు చూసి పిలుస్తారండీ, అప్పటిదాకా ఏమీ తినకుండా బయట కూర్చోండి అంటూ అమ్మాయి నా చేతికి కాగితం రుమాళ్ళు ఇచ్చింది. నాలుగు ఇచ్చింది. ఇంతకుముందు వెళ్ళినావిడకి రెండే ఇవ్వడం తలుపు సందులోంచి చూశాను. జిగురు తుడుచుకుంటూ ఉంటే పొట్ట చల్లగా, పరాయిదానిలా తగిలింది. ఈ పొట్ట ఎవరితోనూ పెద్దగా గొడవ పడింది కాదు. నొప్పి లేదు, అరుగుదలలో తేడా లేదు, బరువు తగ్గలేదు. నొప్పి ఉంటే పరుగెత్తుకుంటూ వచ్చేదాన్నే. నొప్పి లేనప్పుడు రమ్మంటేనే మనిషికి కాళ్ళు బరువు. బట్టలు సర్దుకుని, బయటికి వెళ్ళే ముందు ఒక్క క్షణం తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ముఖం మామూలుగా పెట్టుకోవాలి. మామూలుగా నా ముఖం ఎలా ఉంటుందో నాకు చటుక్కున గుర్తు రాలేదు.

గువ్వ కుర్చీ అంచున కూర్చుని ఉంది, రెండు చేతులూ ముందుకి చాపి చేతిసంచీని స్టీరింగ్ పట్టుకున్నట్టు పట్టుకుని. నా కూతురు సిటీ బస్సు నడుపుతుంది. పుట్టినప్పుడు గువ్వపిట్టంత ఉంటే అందరం అలా పిలిచాం, ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు, భుజాలు కూడా దిట్టం, అయినా ఇంట్లో గువ్వే. ఎక్కడ కూర్చున్నా పక్క అద్దాలు వెతుక్కుంటున్నట్టు ఇటూ అటూ చూస్తూ ఉంటుంది, ఆగి ఉండటం దానికి చేతకాదు. ఇవాళ డ్యూటీ మార్చుకుని నన్ను ఈ పెద్ద ఆసుపత్రికి తెచ్చింది. మిల్లు పక్కన ఉన్న చిన్న సెంటర్ చాలులేవే అని ఎంత చెప్పినా విన్లేదు. అక్కడ మిషన్ పాతది అమ్మా, ఇక్కడ మంచిది, ఒకసారి ఇక్కడ కూడా చూపిద్దాం అంది. నేను వద్దనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు, ఉన్న కారణం చెప్పుకోదగ్గది కాదు. అయిపోయిందా అంది. డాక్టర్ చూసి పిలుస్తాడట అన్నాను. ప్రతిసారీ పిలుస్తారా అంది. పెద్ద ఆసుపత్రి కదా అన్నాను. అది సమాధానం కాదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం దాన్ని అలాగే వదిలేశాం.

ఎదురుగోడకి చేపల తొట్టి ఒకటి పెట్టారు, మనసు తేలికపడాలని కాబోలు. ఒక నారింజరంగు చేప గాజు దగ్గరికి వచ్చి నోరు తెరుస్తుంది, మూస్తుంది, వెళ్ళిపోతుంది. దానికి చెప్పడానికి ఏమీ లేదు గనక సరిపోయింది. నాలుగేళ్ళ క్రితం మా మిల్లులో రక్తదానం పెట్టారు. నాకు సూదంటే భయం, కానీ గువ్వ పుట్టినప్పుడు నాకు ఎవరిదో రక్తం రెండు సీసాలు ఎక్కించారు, ఎప్పటికైనా ఒక్కసారి అయినా ఇవ్వాలని లోపల ఉండేది, ఇదిగో ఇదిగో అంటూ యాభై నాలుగేళ్ళు వచ్చేశాయి. సరే పద అని వెళ్ళి పడుకున్నాను, కళ్ళు గట్టిగా మూసుకుని ఇచ్చాను, ఇచ్చి బిస్కెట్లు తిని రఫ్ఫు అక్క దగ్గర గొప్పలు పోయాను. చిరిగిన చోట కనబడకుండా పోగులు అతికే మనిషి, నా పక్క బల్ల, ఇరవై ఏళ్ళ స్నేహం. పది రోజులకి మూసిన కవరులో ఉత్తరం వచ్చింది. మీ రక్తం వాడటానికి పనికిరాదు, ఒకసారి డాక్టరుని కలవండి అని. హెపటైటిస్ సి. అప్పట్లో రక్తాన్ని ఈ వైరస్‌కి పరీక్ష చేసే పద్ధతి ఇంకా రాలేదట, ఆ రెండు సీసాల్లో ఏదో ఒకదానితో వచ్చి, ఉలుకూ పలుకూ లేకుండా అన్నేళ్ళు లోపల కాపురం పెట్టుకుని ఉంది. నేను ఇవ్వాలనుకున్నది తీసుకోకుండా వెనక్కి పంపేశారే అని ఏడ్చాను. జబ్బు వచ్చినందుకు కాదు, దానికి ఏడుపు తర్వాత వచ్చింది.

మాత్రలు మింగాను. రోజుకి ఒకటి, పన్నెండు వారాలు. మా ఆయన గోడ మీద కాలెండర్‌లో రోజూ కొట్టివేసేవాడు, ఒకరోజు ముందుగానే కొట్టేసి, నేను మింగానో లేదో తెలియక ఇద్దరం మాత్రలు లెక్కపెట్టుకున్నాం. ఇంకో మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేశారు. వైరస్ లేదు. ఎక్కడా లేదు. మాత్రలిచ్చిన డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది, నయమైపోయినట్టే అంది, ఆ మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి అనుకుంటాను, ఎందుకంటే దాని వెనకాలే ఆవిడ ఇంకా చాలా చెప్పింది. ఇన్నేళ్ళలో మీ కాలేయం మచ్చలుపడి గట్టిపడిపోయింది, వైరస్ పోయినా అవి ఉంటాయి, అలాంటి చోట గడ్డ లేచే ప్రమాదం బాగా తగ్గుతుంది గాని పూర్తిగా పోదు, అందుకని ఆరు నెలలకోసారి స్కాన్, ఎన్నాళ్ళు అంటే బతికినన్నాళ్ళు అంది. గువ్వ అవన్నీ ఫోన్లో రాసుకుంది. నేను నయమైంది అన్న ఒక్క మాట మాత్రం తెచ్చుకున్నాను. మర్నాడు రఫ్ఫు అక్కతో చెబితే, చేతిలో సూది ఆపకుండా, నేను పోగు అతికిస్తానే, అతికించిన చోటు కొత్తదవుతుందా ఏమిటి, జాగ్రత్తగా ఉండు అంది. నీ నోరు మంచిది కాదు అన్నాను. నిజానికి ఆ రోజు నాకు మంచిమాట తప్ప ఏదీ అక్కర్లేదు.

పచ్చ చీటీ ఒక్కటే కారణం అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. పని అలవాటు, బుర్ర తక్కువ అని చేతులు దులుపుకునేదాన్ని. ఇంకోటి ఉంది. ప్రతి స్కాన్‌కీ గువ్వ చిక్కిపోయేది. వారం ముందు నుంచే ఫోన్లు మొదలు. అమ్మా, రాత్రి తొందరగా తిని ఆపేశావా, అమ్మా, సెలవు చెప్పావా, అమ్మా, ఆకలేస్తోందా. స్కాన్ నాకు, ముఖం వాడేది దానికి. దానికి పన్నెండేళ్ళప్పుడు ఏదో కోపంలో మా అత్తగారు అనేసింది, నిన్ను కనడానికే మీ అమ్మ చావు దాకా వెళ్ళొచ్చింది అని. పెద్దావిడ పోయింది, ఆ మాట పోలేదు. ఇక ఆ ఉత్తరం వచ్చాక, ఆ రక్తం సంగతి తెలిశాక, గువ్వ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా నాకు మెత్తటి చెప్పులు కొనేది, దుప్పట్లు కొనేది, ఉన్న మిక్సీ బాగానే పనిచేస్తుంటే ఇంకో మిక్సీ కొనేది. నేను ఒక్కసారి దగ్గినా తప్పు చేసినదానిలా చూసేది. ఆ చూపు నాకు పడదు. నాలుగో స్కాన్ రోజు సగంపూట సెలవు పెట్టి, పొద్దున్నే సెంటర్ దాకా వెళ్ళాను. లోపల జనం ఉన్నారు. వెనక్కి తిరిగి వీధి చివర టిఫిన్ బండి పక్కన బెంచీ మీద కూర్చుని రొట్టె, వెన్న, పొగలు కక్కే కాఫీ తీసుకున్నాను. పది గంటలవేళ, పనిరోజున, ఖాళీ కడుపుతో తిన్న ఆ రొట్టె అంత రుచిగా నేను ఇంకేదీ తినలేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి. తర్వాత గువ్వకి ఫోన్ చేశాను. బాగానే ఉందన్నారే అన్నాను. అవతల గువ్వ ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నా చెవిలో వెచ్చగా తగిలినట్టు అనిపించింది. దానికి ఆర్నెల్లు సెలవు ఇచ్చాననుకుని సంతోషపడ్డాను. ఐదోసారికి సెంటర్ దాకా కూడా వెళ్ళలేదు, నేరుగా కాఫీకే వెళ్ళాను. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు కూడా తడబడలేదు, దానికి మాత్రం నాకే కాస్త భయం వేసింది.

అమ్మా, అంది గువ్వ. దాని ఒళ్ళో నా ఫైలు తెరిచి ఉంది. ఎప్పుడు తీసిందో నేను చూడలేదు, చేపని చూస్తున్నాను. "మొన్న వేసవిలో తీయించుకున్న స్కాన్ రిపోర్టు ఇందులో లేదేంటి? దానికి ముందుది కూడా కనబడట్లేదు. మూడే ఉన్నాయి." దాని వేళ్ళు ఒక్కో కాగితాన్నీ తిప్పుతున్నాయి, వెనక్కి వస్తున్నాయి, మళ్ళీ తిప్పుతున్నాయి. నా కూతురికి నా చెయ్యే వచ్చిందని ఇన్నేళ్ళలో ఇప్పుడు చూస్తున్నాను. చెప్పేయాలి. ఇదే సమయం. నోటిదాకా వచ్చింది. "ఇంట్లో బీరువాలో ఉండిపోయాయేమోనే," అన్నాను. మూడో అబద్ధం. ఇది అన్నిటికంటే పనికిమాలింది, ఎందుకంటే దీనివల్ల ఎవరికీ ఊపిరి కూడా తేలికపడదు. గువ్వ కాగితాలు అంచులు కలిపి సర్ది ఫైలు మూసింది. సర్లే, నాన్నకి ఫోన్ చేసి వెతకమంటా అంది. వద్దు అన్నాను, మరీ గట్టిగా అన్నాను. పక్క కుర్చీలో పత్రిక చదువుతున్న పెద్దమనిషి తలెత్తి చూశాడు.

మా ఆయనే ఫోన్ చేశాడు, తలుచుకోగానే. ఆయనకి కుడిచెవి సరిగా వినబడదు, బాయిలర్ దగ్గర పాతికేళ్ళు పనిచేసిన చెవి. ఫోన్ ఆ చెవికే పెట్టుకుంటాడు, ఎంత చెప్పినా మార్చడు. ఇంకా పిలవలేదు అని వరండా అంతా వినబడేలా రెండుసార్లు చెప్పాను. కాఫీ తాగావా అన్నాడు. తాగకూడదు అన్నాను. అయ్యో అన్నాడు, నిజంగా బాధపడి. ఈయనకి ఏం చెప్పాలి? ఒకవేళ అది అదే అయితే ఏం చెప్పాలి? ఆయన చొక్కాలు ఇస్త్రీ ఎవరు చేస్తారు అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, ఆయన ఇస్త్రీ నాకంటే బాగా చేస్తాడు. భయం అలా వచ్చింది, చొక్కాల దారిలో. వచ్చి పక్కన కూర్చుంది. నాకు చావాలని లేదు. ఇంకా రెండేళ్ళు సర్వీసు ఉంది, ఆ తర్వాత సముద్రం ఒడ్డున పది రోజులు ఉండి రావాలని ఇద్దరం అనుకున్నాం. గువ్వ పెద్ద మలుపుబస్సు, ఆ రెండు పెట్టెలు కలిపిన పొడవాటిది, నడపడానికి పరీక్ష రాసింది, అది నడుపుతుంటే వెనక సీట్లో కూర్చోవాలని ఉంది. ఇవేం పెద్ద కోరికలు కావు. అలా అని వదులుకోవడానికి మనసు ఒప్పట్లేదు. ఏడాదిన్నర క్రితం అక్కడ ఏమీ లేదు, ఆ మూడో ఫిల్ములో ఏమీ లేదు, మరి ఏడాది క్రితం ఉందా? గింజంత ఉండి ఉంటుందా? నేను రొట్టెకి వెన్న రాసుకుంటున్నప్పుడు అది లోపల ఎంత ఉంది? ఈ ప్రశ్న ఎవరినీ అడగలేను, జవాబు చూసి ఉండాల్సినది నేనే.

లోపలికి పిలిచారు. డాక్టరు నడివయసు మనిషి, గొంతు మెల్లగా ఉంది, ముందున్న తెర మీద నా బూడిదరంగు నేత మొత్తం పరిచి ఉంది. కూర్చోండమ్మా అన్నాడు. గువ్వ నా పక్కన కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. "మీకు వైరస్‌కి మందులు వాడారు, అది పోయింది, అప్పటికే కాలేయం గట్టిపడింది. ఇంతవరకూ నాకు అర్థమైంది. చివరిసారి స్కాన్ ఎప్పుడు తీయించారు?"

"ఆర్నెల్ల క్రితం అండీ," అంది గువ్వ. "రిపోర్టు ఇంట్లో ఉండిపోయింది. అంతా బాగానే ఉందన్నారు."

డాక్టరు రాసుకోబోతూ ఆగాడు. తెర వైపు చూశాడు, మళ్ళీ గువ్వ వైపు చూశాడు. "ఆర్నెల్ల క్రితం ఏమీ లేదా? కచ్చితంగానా?" అన్నాడు. తర్వాత తనలో తనే అన్నట్టు, అంటే ఆర్నెల్లలోనే ఇంతయిందన్నమాట అన్నాడు, నుదురు ముడిపడింది. కలం కాగితం మీదికి దిగింది. తప్పు ఉన్న తానుకి బాగుందని చీటీ కట్టి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. దాన్ని నమ్మి ఎక్కడో ఎవరో కత్తెర పెడతారు. ఇక్కడ కత్తెర పెట్టేది నా పొట్టకి. గువ్వ ముఖం నాకు పక్కనుంచి కనబడుతోంది, ఎంత నమ్మకంగా చెప్పింది, నా మాట మీద ఎంత నమ్మకంగా.

"కాదండీ," అన్నాను. "ఆర్నెల్ల క్రితం నేను వెళ్ళలేదు. దానికి ముందు ఆర్నెల్లకీ వెళ్ళలేదు. ఏడాదిన్నర అయింది. ఆ ఫైల్లో ఉన్న మూడోదే ఆఖరుది. అమ్మాయికి తెలియదు, నేనే వెళ్ళానని చెప్పాను."

గువ్వ నా వైపు తిరగలేదు. డాక్టరు తిట్టలేదు. రాసిన ముక్క కొట్టేసి, ఫైలు ఇలా ఇవ్వమ్మా అని గువ్వ ఒళ్ళోంచి అందుకుని, మూడో ఫిల్ము తీసి వెలుతురుకి పట్టి చూశాడు. అలా పట్టి చూసే మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది. "చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడు లెక్క వేరే," అన్నాడు. తర్వాత తొందర లేకుండా, మధ్యలో ఆగి మేం వింటున్నామో లేదో చూసుకుంటూ చెప్పాడు. గడ్డ ఒకటే ఉంది. పద్దెనిమిది మిల్లీమీటర్లు, అంటే రెండు సెంటీమీటర్ల లోపే. అదేమిటో రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తే గాని చెప్పలేడు. గట్టిపడిన కాలేయంలో కనబడింది కాబట్టి కాన్సర్ కావచ్చు అనుకుని తొందరపడాలి, కాదని తేలితే సంతోషించాలి. అదే అయినా ఈ సైజులో ఒక్కటే దొరికితే సూదితో కాల్చేయొచ్చు, లేదా కోసి తీసేయొచ్చు, చాలామంది బాగుపడతారు. ఈ పూటే సీటీ పెట్టిస్తానన్నాడు.

"వైరస్ పోయిందన్నారు కదండీ," అంది గువ్వ. గొంతు దానిది కాదు.

"పోయింది. మళ్ళీ వచ్చింది కూడా కాదు. అది ఇన్నేళ్ళూ చేసి వెళ్ళిన మచ్చలున్నాయి చూడండి, వాటిలోంచి వచ్చేది ఇది. అందుకే మందులు అయిపోయినా రమ్మనేది."

"ఇంకో ఆర్నెల్లు కూడా రాకుండా ఉండుంటే?" అంది గువ్వ.

"వచ్చారుగా," అన్నాడు డాక్టరు.

సీటీ గది కింది అంతస్తులో ఉంది. గువ్వ మెట్ల మీద నాకంటే ముందు దిగింది, ఎప్పుడూ నా మోచెయ్యి పట్టుకునేది పట్టుకోలేదు. నేను రెయిలింగ్ పట్టుకుని దిగాను. కింద నీలం కుర్చీల వరసలో చివర కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. మా ముందు నుంచి ఒకతను బకెట్‌తో నేల తుడుచుకుంటూ వెళ్ళాడు, మేం కాళ్ళు ఎత్తాం, అతను వెళ్ళాక దించాం. తిట్టినా బాగుండేది. దాని కోపం నాకు తెలుసు, రోడ్డు మీద అడ్డదిడ్డంగా వచ్చే కార్ల వాళ్ళని అది తిట్టే తిట్లు వింటే చెవులు మూసుకోవాలి. ఇప్పుడు ఒక్క తిట్టు కూడా రావట్లేదు.

"రెండుసార్లు," అంది చివరికి, నేల వైపు చూస్తూ. "బాగుందన్నారని నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను స్టాపులో బస్సు ఆపి ఏడ్చాను. సంతోషంతో. జనమంతా చూస్తున్నారు. ఒక ముసలాయన వచ్చి ఏమైందమ్మా అని అడిగితే, మా అమ్మకి బాగుందండీ అని చెప్పాను. ఎందుకమ్మా ఇలా చేశావు?"

పచ్చ చీటీ కథ చెబుదామనుకున్నాను. సగం నిజం అది, చెప్పడానికి తేలిక కూడా. నోరు తెరిచి, ఆపేశాను. "నువ్వు ప్రతిసారీ చిన్నబోతున్నావే," అన్నాను. "నా ఒంటికి ఏమైనా నువ్వే చేసినట్టు చూస్తావు. అది నాకు చూడబుద్ధి కాలేదు."

"నేనే కదా చేసింది. నన్ను కన్నందుకే కదా నీకిది."

ఇన్నేళ్ళుగా ఈ మాట మా ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది, ఇవాళ్టికి బయటికి వచ్చింది. వింటే నాకు కోపం వచ్చింది, నిజంగా కోపం, అత్తగారి మీద, ఆ ఉత్తరం మీద, ఇన్నాళ్ళూ నోరు మెదపని నా మీద. "నిన్ను కన్నందుకు కాదు," అన్నాను. "నిన్ను కని కూడా బతికినందుకు. నువ్వు బయటికి వచ్చి అరగంటయింది, నాకు రక్తం ఆగలేదు. మీ నాన్న గ్రూపు కలవలేదు. ఎవరో, మొహం తెలియని వాళ్ళు ఇచ్చిన రెండు సీసాలు ఎక్కించారు. అవి ఎక్కకపోతే ఆ మధ్యాహ్నానికే నువ్వు తల్లిలేని పిల్లవి. నీకు జడ వేసింది, నిన్ను తిట్టింది, నీ మొదటి బస్సు ఎక్కింది, అదంతా ఆ రక్తమే. జబ్బు దాంతో వచ్చింది, వచ్చిందే అనుకో, కానీ ముప్ఫై మూడేళ్ళు కూడా దాంతోనే వచ్చాయి. మళ్ళీ అడిగినా ఎక్కించమనే అంటాను. నీదేం లేదు ఇందులో. నువ్వు అప్పుడు పక్క ఉయ్యాల్లో నిద్రపోతున్నావు."

గువ్వ ముక్కు ఎగబీల్చింది, అరచేతి వెనకతో తుడుచుకుంది, చిన్నప్పటిలాగే, రుమాలు సంచీలో ఉన్నా తీయదు. అప్పుడే సీటీ గది తలుపు తీసి నర్సు ఒకావిడ అట్టకి పెట్టిన ఫారంతో వచ్చి, మా ముందు నిలబడి వరసగా అడగడం మొదలుపెట్టింది. షుగర్ ఉందా, లేదు. మందులేమైనా పడవా, లేదు. ఆపరేషన్లు, లేవు. ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఎక్కిస్తే ఎప్పుడు. నేను చెప్పబోయాను. గువ్వ తలెత్తింది. తన పుట్టినరోజు తారీఖు, నెల, సంవత్సరం, ఒక్కోటీ స్పష్టంగా చెప్పింది.

"రెండు సీసాలండీ," అంది. "అందుకే మా అమ్మ బతికింది."

నర్సు తారీఖు మాత్రం రాసుకుంది.